సేవాసంఘములు - వికలాంగుల కొలువు

మన పట్టణములలో నేడు సేవాసంఘము లేని పేట లేదు. అనాథల కొకటి, వృద్ధుల కొకటి, అంధుల కొకటి, బధిరుల కొకటి, స్త్రీల చదువున కొకటి, గ్రామపారిశుద్ధ్యమున కొకటి. ఏటేట వీనికి వార్షికోత్సవములు జరుగుచుండును. వేదికమీద పూలదండలు, ముందువరుసలో చందాదారులు, వారి నడుమ చక్రముల కుర్చీలో ఒక బాలిక. ఆమెచేత ప్రార్థనగీతము పాడింతురు. పిదప కార్యదర్శిగారు నివేదిక చదువుదురు. ఆ సంవత్సరమున ఎన్ని కృత్రిమపాదములు, ఎన్ని చేతికర్రలు, ఎన్ని కుట్టుయంత్రములు పంచిరో అంకెలతో వినిపింతురు. సభవారు చప్పట్లు కొట్టి, తృప్తితో ఇండ్లకు పోవుదురు.

ఆ నివేదికలో ఒక్క అంకె మాత్రము ఎన్నడును వినబడదు. ఆ సంఘము నెలనెల జీతమిచ్చి పని చేయించుకొనుచున్నవారిలో వికలాంగు లెందరు? ఈ ప్రశ్నను మేము పెక్కుచోట్ల వేసితిమి. కొందరు నవ్విరి. కొందరు, 'మేము వారికొరకే గదా పనిచేయుచున్నాము' అనిరి. ఒకరు మాత్రము నిజము చెప్పిరి: 'అయ్యా, ఆ ఆలోచనయే మాకు రాలేదు.' ఈ వ్యాసము ఆ రాని ఆలోచనను గురించి.

మా వాదము చిన్నది. వికలాంగునకు కర్ర ఇచ్చువాడు ఉపకారి. ఆ కర్రతో నడచి వచ్చినవానిని తన కచ్చేరిలో కూర్చుండబెట్టి, పని అప్పగించి, తోడివారితో సమానముగా జీతమిచ్చువాడు న్యాయవర్తనుడు. మన సేవాసంఘములు ఉపకారమువద్దనే ఆగిపోయినవి. వ్యాపారస్థులు వికలాంగులను చేర్చుకొనుట లేదని సభలలో వాపోవు సంఘములే తమ గడపలోనికి వారిని రానిచ్చుట లేదు. ఇంట గెలిచి రచ్చ గెలువుమన్నారు పెద్దలు. ఇంట గెలువనిదే రచ్చకెక్కిన వారి మాటకు ఎవరు విలువనిత్తురు?

ముందుగా కొన్ని అంకెలు చూతము. 2011 జనాభాలెక్కల ప్రకారము మన దేశమున 2 కోట్ల 68 లక్షల వికలాంగులు కలరు. వారిలో ఏదో ఒక పనిచేయుచున్నట్లు లెక్కకెక్కినవారు నూటికి 36 మంది. పురుషులలో 47 మంది కాగా, స్త్రీలలో 23 మందియే. అనగా వికలాంగ స్త్రీలు నలుగురిలో ముగ్గురికిపైగా సంపాదన లేక ఒరుల చేతివైపు చూచుచున్నవారని అర్థము. లెక్కలవారి కంటబడనివారు ఇంకను ఎందరో ఉందురు. మూలగదిలో ఉంచిన కొడుకును గురించి, కోడలి పుట్టింటివారు వచ్చినపుడు దాచిపెట్టిన కూతురిని గురించి ఇంటి యజమానులు గణకులకు చెప్పుదురని నమ్ముటకు మేము సాహసింపము.

ఇక చట్టము మాట. 1995లో చేయబడిన చట్టము ప్రభుత్వోద్యోగములలో నూటికి 3 వీరికి కేటాయించెను. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము దానిని 4 చేసెను. అంతకుముందు 7 విధములుగా ఎన్నబడిన వైకల్యములను 21 విధములకు విస్తరింపజేసెను. ఈ చట్టము ప్రభుత్వ కచ్చేరీలకును పెద్ద కర్మాగారములకును మాత్రమే అన్వయించునని మన సంఘములవారు అనుకొనుచున్నారు. అది పొరపాటు. ఆ చట్టములోని నిర్వచనము ప్రకారము ప్రైవేటుసంస్థ యనగా కంపెనీ మాత్రమే కాదు. సొసైటీ, సంఘము, ట్రస్టు కూడ అందులో చేరియున్నవి. ప్రభుత్వ సహాయము పొందు సంస్థలనైతే ప్రభుత్వసంస్థల కోవలోనే చేర్చినారు. ప్రతి సంస్థయు సమానావకాశ విధానమును వ్రాసి ప్రకటింపవలెనని 21వ సెక్షను శాసించుచున్నది. 20 మందికి తక్కువకాని సిబ్బందిగల సంస్థ ఏయే ఉద్యోగములు వికలాంగులకు తగియున్నవో, వారిని ఎట్లు ఎన్నుకొనునో, ఏ సౌకర్యములు కల్పించునో ఆ పత్రములో వివరింపవలెనని 2017 నాటి నిబంధనలు చెప్పుచున్నవి. పాఠకులలో ఎందరో ఏదో ఒక సంఘమునకు చందా ఇచ్చుచున్నవారే. ఆ పత్రమును చూపుమని ఒక్కమారు అడిగి చూడుడు. తెల్లబోవు ముఖములను చూచెదరు.

పేర్ల విషయములో మాత్రము మనవారు మిక్కిలి చురుకైనవారు. ఒకప్పుడు కుంటి, గ్రుడ్డి, చెవిటి అని మొగముమీదనే పిలిచిరి. పిదప అంగవికలు లనిరి, వికలాంగు లనిరి. 2015 తరువాత దివ్యాంగు లనుట పరిపాటియైనది. నీచపదములు పోయినందుకు మేమును సంతసింతుము. కాని పేరు మార్చుటకు పైసా ఖర్చు లేదు; జీతమిచ్చుటకు ఖర్చున్నది. ఖర్చులేని మర్యాదలన్నియు చేసి, ఖర్చు గల న్యాయమును వాయిదా వేయుట మన సంఘసేవకులకు అలవాటైన విద్య. 'దివ్యాంగులు' అని వ్రాసిన పలకను మెట్లపైన, రెండవ అంతస్తులో కట్టిన కచ్చేరీని మేము కన్నులార చూచితిమి. ఆ దివ్యులు అచటికి ఎగిరి రావలెను గాబోలు!

ఇతరులను నిలదీయుటకు ముందు మా తప్పును ఒప్పుకొనుట న్యాయము. కొన్ని సంవత్సరముల క్రిందట మేము ఒక సంఘపు కార్యవర్గములో ఉంటిమి. లెక్కలు వ్రాయుటకు ఒక గుమాస్తా కావలసి ప్రకటన చేసితిమి. దరఖాస్తు పెట్టినవారిలో ఒక యువతి కలదు. వాణిజ్యశాస్త్రములో పట్టము పొందినది. చిన్ననాడు పోలియో సోకి చంకకర్రలతో నడచునది. యోగ్యతలు చూడగా ఆమెవే అందరికంటె మేలైనవి. ఆనాటి మా సమావేశములో అరగంటసేపు చర్చ జరిగినది. చర్చ అంతయు మెట్లను గురించియే. లెక్కలను గురించి ఒక్కరును మాటాడలేదు. క్రిందిగదిలో పాత బానర్లును విరిగిన కుర్చీలును పడియున్నవి. వానిని తొలగించి లెక్కలబల్ల నచట వేయవచ్చునని మాలో ఎవరికిని తోచలేదు. తుదకు ఆమెకు ఉద్యోగము బదులు నెలకు 2,000 రూపాయల సహాయము చేయుదమని తీర్మానించి, దయగల మాటలతో ఉత్తరము వ్రాసితిమి. ఆమె రెండు వాక్యములలో బదులు వ్రాసినది. తాను అడిగినది పని గాని సహాయము కాదనియు, తన లెక్కల పరిజ్ఞానములో లోపమేమైన ఉన్నచో దయచేసి తెలుపవలసినదనియు. ఆ ఉత్తరమునకు మేము ప్రత్యుత్తరము వ్రాయలేదు. వ్రాయుట కేమున్నది?

అప్పుడు మేము చేసినది క్రూరకృత్యమని ఎవరును అనలేదు. పైగా మా దయను మెచ్చుకొనిరి. అదియే ఇందులోని అసలు చిక్కు. ద్వేషముతో తలుపు మూసినవానిని నిందింపవచ్చును. దయతో మూసినవానిని నిందించుటకు లోకమునకు నోరాడదు. మూయబడిన తలుపు వెలుపల నిలిచినవారికి ఈ రెంటికిని భేదమేమి?

ఇక మా వాదమునకు ఎదురుగా వినవచ్చు ఆక్షేపణలను ఒక్కొక్కటిగా విచారింతము.

మొదటి ఆక్షేపణ: 'ఇది దాతల సొమ్ము, ఒక్క రూపాయియు వృథా కారాదు, కాన చురుకుగా పనిచేయువారినే పెట్టుకొనవలెను' అందురు. దాతల సొమ్ము వృథా కారాదనుట మాకును సమ్మతమే. కాని వికలాంగునకిచ్చు జీతము వృథా యను నమ్మకము ఈ వాక్యములో ముందే దాగియున్నది. దానికి రుజువేది? దాతల ఉద్దేశము వికలాంగులు బాగుపడవలెనని గదా! ఒక వికలాంగునికి పది సంవత్సరములు బియ్యము పంచిపెట్టిన సొమ్ము ఆ పదవ సంవత్సరాంతమున అతనిని మొదటి దినమున ఉన్నచోటనే ఉంచును. అదే సొమ్ము జీతముగా ముట్టినచో పని జరుగును, ఇల్లు నిలుచును, తల్లిదండ్రులకు నిబ్బరము కలుగును, ఇరుగుపొరుగు చూపు మారును. ఒకే రూపాయి రెండు పనులు చేయుచుండగా దానిని వృథా యనువారి గణితము మాకు బోధపడుట లేదు.

రెండవ ఆక్షేపణ: 'వారు చేయగలరా?' అందురు. ఏ పనిని గురించి ఈ ప్రశ్న? కన్నులులేనివానిని బండి తోలుమని ఎవరును అడుగుట లేదు. కాని మన సంఘములలో బండి తోలు పని యెంత? లెక్కలు వ్రాయుట, ఉత్తరప్రత్యుత్తరములు జరుపుట, పాఠములు చెప్పుట, దాతలతో మాటాడుట, సభలు ఏర్పరచుట, వచ్చినవారి కష్టము విని దారి చూపుట, ఇవి గదా అధికభాగము. వీనిలో దేనికి రెండు కాళ్లు ఆవశ్యకము? చూపులేదను కారణముచేత న్యాయాధిపతి పదవికి ఎవరిని అనర్హులుగ చేయరాదని మన అత్యున్నత న్యాయస్థానము 2025 మార్చి 3వ తేదీన తీర్పు చెప్పియున్నది. ఉరిశిక్ష పడదగిన నేరములను విచారించు పీఠమున కూర్చుండ దగినవాడు మన చందాపుస్తకము వ్రాయుటకు తగడా?

తెలుగునాట ఈ ప్రశ్నకు జవాబు వంద సంవత్సరములకు మునుపే లభించినది. చూపు మందగించిన ద్వారం వేంకటస్వామినాయుడుగారిని 1919లో విజయనగరపు మహారాజావారి సంగీత కళాశాలలో ఫిడేలు ఆచార్యులుగా నియమించిరి. 1936లో వారే ఆ కళాశాలకు అధ్యక్షులైరి. వారికి భృతి ఏర్పాటుచేసి ఇంట కూర్చుండబెట్టియున్నచో ఆంధ్రదేశము దయగలదని పేరు పొందెడిదేమో గాని, ఆ వాయులీనమును, ఆ శిష్యపరంపరను పోగొట్టుకొనియుండెడిది. మన కాలములోనే మచిలీపట్టణ ప్రాంతమున పుట్టిన బొల్లా శ్రీకాంతుగారి కథ అందరును ఎరిగినదే. పుట్టుకతో చూపులేని ఆయన పదవతరగతి తరువాత విజ్ఞానశాస్త్రము చదువ అనుమతి దొరకక న్యాయస్థానమున కెక్కవలసివచ్చెను. అనుమతి పొంది చదివి, అమెరికాలోని మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయములో పట్టము పొంది, 2012లో హైదరాబాదులో ఒక కర్మాగారమును స్థాపించి, వికలాంగులకు పని కల్పించిరి. అది లాభమునకు నడుపు వ్యాపారము. లాభము గోరు వ్యాపారి చేయగలిగినదానిని, లాభము గోరమని ప్రతిన బట్టిన సంఘములు చేయలేకపోవుట వింతగా లేదా?

మూడవ ఆక్షేపణ: 'వారికి వలసిన సాధనములు, కట్టడములు మాకెక్కడివి?' అందురు. ఇందులో కొంత నిజమున్నదని మేము కాదనము. ముగ్గురు సిబ్బందితో అద్దె ఇంటిలో నడుచు సంఘము లిఫ్టు కట్టింపజాలదు. కాని ఖర్చు యొక్క భయము ఖర్చుకంటె పెద్దదిగా ఉన్నది. గడపవద్ద ఒక ఏటవాలు పలక వేయుటకు వడ్రంగికి ఒక పూట పని. లెక్కలబల్లను క్రిందిగదికి దింపుటకు ఇద్దరు కూలీలు చాలుదురు. సమావేశములో జరిగినదానిని వ్రాసి చూపినచో వినబడనివారు చర్చలో పాల్గొనగలరు. చూపులేనివారికి కంప్యూటరు తెరమీది అక్షరములను చదివి వినిపించు ఎన్‌వీడీఏ అను సాధనము ఉచితముగా దొరకుచున్నది. తెలుగు కూడ చదువును. దానిని 2006లో ఆరంభించినవారు ఆస్ట్రేలియా దేశపు ఇరువురు అంధులే; దానిని నడుపుచున్నది లాభాపేక్ష లేని సంస్థయే. చూపులేనివారు తయారుచేసి లోకమునకు ఉచితముగా ఇచ్చిన పనిముట్టు ఎదుట నుండగా, పనిముట్లు లేవు గాన చూపులేనివారిని తీసికొనజాల మనుట ఎంత నగుబాటు!

నాలుగవ ఆక్షేపణ దయారూపమున వచ్చును: 'పాపము, వారిని కష్టపెట్టుట ఎందుకు? ప్రభుత్వము పింఛను ఇచ్చుచున్నది గదా' అందురు. పింఛను కావలసినదే. ఆంధ్రప్రదేశమున 2024లో దానిని నెలకు 3,000 నుండి 6,000 రూపాయలకు పెంచిరి, మంచిపని చేసిరి. పనిచేయజాలని వారికి, వృద్ధులకు, తీవ్రరోగముతో మంచము పట్టినవారికి అది ప్రాణాధారము. కాని పనిచేయగలిగి, పని గోరి, పనికి చదివినవానికి పింఛను చూపించి తలుపు మూయుట న్యాయమా? కష్టపడకుండ ఉండు భాగ్యమును మన కుమారులకు మనము కోరుచున్నామా? వారికి ఉద్యోగము రాకున్న మనకు నిద్ర పట్టదు గదా. మన బిడ్డకు అవమానమైనది పొరుగువాని బిడ్డకు విశ్రాంతి ఎట్లగును?

అయిదవది ఆక్షేపణ కాదు. అంతకంటె అన్యాయమైన ఆచారము. వికలాంగుని చేర్చుకొందురు గాని జీతమని చెప్పరు, 'గౌరవవేతనము' అందురు. మాటలో గౌరవము పెరిగిన కొలది వేతనము తరుగును. పక్కబల్లవాడు చేయు పనినే చేసి, వానిలో సగము తీసికొనిపోవు గుమాస్తాలు కలరు. ఇది మన దేశపు జాడ్యము మాత్రమే కాదు. అమెరికాలో 1938 నాటి కూలిచట్టము, అనుమతిపత్రము పొందిన యజమానులు వికలాంగులకు కనీసవేతనముకంటె తక్కువ ఇయ్యవచ్చునని సందు కల్పించెను. ఆ సందున దూరినవారిలో పెక్కురు ధర్మము పేర నడుచు పనిశాలలవారే. 1940లో ఏర్పడిన ఆ దేశపు అంధుల జాతీయసమాఖ్య దానిని ఏండ్ల తరబడి ఎదిరించినది. ధర్మసంస్థ అను పేరు సగము కూలికి సమర్థన కాజాలదు. కూలి ఎగవేసి పుణ్యము కట్టుకొనుట ఏ శాస్త్రములోను లేదు.

ఇంతవరకు న్యాయమును గురించి చెప్పితిమి. ఇక లాభమును గురించి, అనగా సంఘము యొక్క లాభమును గురించి, ఒక మాట. వికలాంగులు లేని కార్యవర్గము వికలాంగులకొరకు చేయు ఏర్పాట్లు ఎట్లుండునో చరిత్ర చెప్పుచున్నది. పారిసు నగరములోని అంధబాలుర పాఠశాలలో మొదట వాడిన పుస్తకములలో సామాన్యాక్షరములనే కాగితముపై ఉబ్బెత్తుగా అచ్చువేసియుండిరి. చూపున్నవారు, చూపున్నవారి కంటికి ఇంపుగా నుండునట్లు, చేసిన ఏర్పాటది. వ్రేలికి అవి అందవు, చదువుట గగనము. ఆ పాఠశాలలోనే చదివి, ఆ పాఠశాలలోనే ఉపాధ్యాయుడైన అంధుడు లూయీ బ్రెయిలీ ఆరు చుక్కల లిపిని కల్పించి 1829లో ప్రకటించెను. ఆ లిపిని కొంతకాలము అదే పాఠశాలలో చూపున్న అధికారి నిషేధించెను. బ్రెయిలీ 1852లో మరణించెను. 1854లో గాని ఆ పాఠశాల దానిని అంగీకరింపలేదు. వ్రేళ్లతో చదువువాని మాటకంటె కన్నులతో చూచువాని అభిప్రాయమునకే విలువ నిచ్చినందులకు ఒక తరము బాలురు చదువు పోగొట్టుకొనిరి. ఇది ఎరిగియే 1868లో లండనునగరమున డాక్టరు ఆర్మిటేజి, తానును చూపు కోల్పోయినవాడు, అంధుల సంఘమును స్థాపించినపుడు, ఏ లిపి మేలైనదో నిర్ణయించువారు అంధులే కావలెనని నియమము చేసెను.

ఇంకొక నిదర్శనము. అమెరికా రాజధానిలోని గాలొడెటు విద్యాలయము బధిరులకొరకు 1864లో ఏర్పడిన కళాశాల. అది మొదలు 124 సంవత్సరములు దానికి అధ్యక్షులైన వారందరును చెవులు వినబడువారే. 1988 మార్చిలో, యోగ్యులైన బధిరులు పోటీలో నుండగా, పాలకవర్గము మరల వినికిడిగల వ్యక్తినే ఎన్నుకొన్నది. విద్యార్థులు ద్వారములు మూసివేసిరి, వీధులకెక్కిరి. వారము తిరుగకముందే ఆ నియామకము రద్దయి, బధిరుడైన కింగ్ జోర్డను అధ్యక్షుడాయెను. పాలకవర్గములో బధిరులు అధికసంఖ్యాకులు కావలెననియు ఒప్పందమైనది. 124 సంవత్సరములు ఆ విద్యాలయము బధిరులకు చదువు చెప్పెను గాని, చదివిన బధిరుడు తన్ను నడుపగలడని నమ్మలేదు. తన చదువునందే తనకు నమ్మకము లేదన్నమాట! మన అంధపాఠశాలల, బధిరపాఠశాలల పెద్దలు ఈ కథను గోడకు వ్రాసికొనదగును.

మన దేశములో మంచి మార్గము చూపినవారు లేకపోలేదు. బెంగుళూరులో 1959లో వికలాంగుల సంఘమును స్థాపించిన ఎన్. ఎస్. హేమగారు స్వయముగా వికలాంగురాలు. తమిళనాడులోని ఆయికుడి గ్రామమున 1981లో అమర్ సేవాసంగమును స్థాపించిన ఎస్. రామకృష్ణన్‌గారు, 1975లో నౌకాదళపు పరీక్షలో జరిగిన ప్రమాదమున మెడనరములు దెబ్బతిని మెడ క్రిందిభాగమెల్ల చచ్చుబడినవారు. వారికి కుడిభుజమైన శంకరరామన్‌గారు కండరముల క్షయవ్యాధితో చక్రముల కుర్చీలో తిరుగుచు లెక్కల వృత్తిలో నిష్ణాతులైనవారు. 1996లో వికలాంగుల ఉద్యోగములకొరకు ఢిల్లీలో జాతీయకేంద్రమును నెలకొల్పి నడిపించిన జావేద్ అబీదీగారును చక్రముల కుర్చీలోనివారే. ఈ సంఘములలో వికలాంగులు వార్షికోత్సవ ప్రదర్శనకు కూర్చుండినవారు కారు. నిర్ణయములు చేసినవారు, చెక్కులపై చేవ్రాలు చేసినవారు, తప్పులు చేసినవారు, దిద్దుకొన్నవారు.

తప్పుల మాట కావలెననియే చెప్పితిమి. మేము కోరునది వికలాంగుల నందరిని దేవతలని పూజించుట కాదు. వారిలో సోమరులుందురు, కోపిష్ఠులుందురు, లెక్క తప్పువారుందురు, మనలో లేరా? పని సరిగా చేయనివానిని మందలింపుడు, దిద్దుకొననిచో తొలగింపుడు. కాలు లేదని తప్పును క్షమించుటయు అవమానమే. ఒక్కరు తప్పినంతమాత్రమున 'వీరంతే' అని జాతినంతను వెలివేయవలదనియే మా కోరిక. కాళ్లున్న గుమాస్తా సొమ్ము కాజేసినపుడు కాళ్లున్నవారి నందరిని మనము మానిపించినామా?

మరియొక మాట. అంధుడు అంధపాఠశాలలో, బధిరుడు బధిరపాఠశాలలో మాత్రమే పనికివచ్చుననుట కొత్తరకపు వెలివాడ. గ్రంథాలయసంఘములు, వయోజనవిద్యాసంఘములు, స్త్రీసంఘములు, పర్యావరణ సంఘములు, వృద్ధాశ్రమములు అన్నియు ఈ ప్రశ్నకు జవాబు చెప్పవలసినవే. అందును స్త్రీల అభ్యుదయమునకై పాటుపడు సంఘములు, వికలాంగ స్త్రీలలో నూటికి 23 మందికే పని ఉన్నదను అంకెను చూచి తలదించుకొనవలెను. ఆడపిల్ల యని ఒకసారి, అవిటిదని రెండవసారి ఆమెను వెనుకకు నెట్టితిమి. మన సంఘములు మూడవసారి నెట్టుచున్నవి.

ఇక చేయవలసినదేమి? మా పాఠకులు గృహస్థులు. పెద్ద అధికారులు కారు. అయినను వారి చేతిలో ఒక అధికారమున్నది. అది చందా. పెండ్లిరోజునకో, పెద్దల తిథికో, బిడ్డ పుట్టినరోజునకో మనము సేవాసంఘములకు సొమ్ము ఇచ్చుచున్నాము. సొమ్ము చేతికిచ్చుటకు ముందు, కోపముతో కాదు, మర్యాదతోనే, కొన్ని ప్రశ్న లడుగుదము. మీ జీతపుపట్టికలో వికలాంగు లెందరు? మీ కార్యవర్గములో ఎందరు? వారికి తోడివారితో సమానముగా జీత మిచ్చుచున్నారా? చక్రముల కుర్చీలో వచ్చినవారు మీ కచ్చేరిలోనికి, ముఖ్యముగా మీ మరుగుదొడ్డిలోనికి, పోగలరా? చట్టము చెప్పిన సమానావకాశ పత్రమేది? ఉద్యోగప్రకటనలో వికలాంగులును దరఖాస్తు చేయవచ్చునను మాట వ్రాసితిరా? ఒక్క దాత అడిగినచో విసుగుకొందురు. పదిమంది అడిగినచో ఆలోచింతురు. వందమంది అడిగినచో క్రిందిగది ఖాళీ యగును.

మనలో కార్యవర్గసభ్యులైనవారు ఇంకొక అడుగు వేయగలరు. వచ్చు ఖాళీ యొక్కదానిని చూడుడు. ఆ పనికి నిజముగా ఏ శక్తి ఆవశ్యకమో కాగితముపై వ్రాయుడు. 'చురుకైన', 'ఆరోగ్యవంతుడైన', 'తిరుగగల' అను మాటలు అలవాటుగా వ్రాయుచున్నామో, అవసరమై వ్రాయుచున్నామో విచారింపుడు. ఏమి సౌకర్యము కావలెనో దరఖాస్తుదారునే అడుగుడు. తన దేహమును గురించి మనకంటె అతనికే ఎక్కువ తెలియును. పెక్కుసారులు అతడడుగునది మనము భయపడినదానిలో పదవవంతైన ఉండదు. బల్ల ఎత్తు రెండంగుళములు పెంచుమనునేమో. రద్దీ తగ్గిన తరువాత, ఉదయము అరగంట ఆలస్యముగా వత్తుననునేమో.

మన పెద్దలు బాలికలకు బడి పెట్టినపుడు, ఆ బడిలో చదివిన బాలిక ఒకనాడు ఆ బడికే ఉపాధ్యాయిని కావలెనని కోరిరి. అయినది. వితంతువులకు ఆశ్రయ మిచ్చిన గృహములు వారినే పంతులమ్మలుగా, దాదులుగా తీర్చినవి. ఆశ్రయము పొందినవారు ఆశ్రయ మిచ్చువారైనపుడే సంస్కరణము వేరూనినట్లు. వికలాంగుల విషయములో మాత్రము పుచ్చుకొనువారు ఎల్లకాలము పుచ్చుకొనుచునే ఉండవలెననియు, ఇచ్చువారు ఎల్లకాలము వేదికమీదనే ఉండవలెననియు మనము మౌనముగా తీర్మానించుకొన్నట్లున్నది. ఆ తీర్మానమును ఏ సభయు చేయలేదు. కాన రద్దుచేయుటకు ఏ సభయు అవసరము లేదు.

వచ్చు సంవత్సరమును వార్షికోత్సవము జరుగును. చక్రముల కుర్చీలోని ఆ బాలిక మరల ప్రార్థనగీతము పాడును. ఆమె కంఠము మధురమైనదే. కాని ఆమెకు పదునెనిమిది నిండి, చదువు ముగించి, దరఖాస్తు చేతబట్టుకొని మన కచ్చేరి మెట్లవద్దకు వచ్చు దినము దూరములో లేదు. ఆనాడు ఆమెకు మనమేమి చెప్పుదుము? దయగల ఉత్తరములు వ్రాయుట మాకు చాతనైన పనియే. ఒకమారు వ్రాసి చూచితిమి. ఇక వ్రాయదలచుకొనలేదు.